నల్లగుడ్డ మీద మనిషి

పోయిన నెల పెన్షన్ కాగితాలకు ఫోటో కావాలంటే మార్కాపురం బస్టాండు దగ్గరున్న షాపుకు వెళ్ళాను. కుర్రవాడు స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి, టక్కున తీశాడు. పక్కనే టీ తాగి వచ్చేలోపు ఫోటోలు కత్తిరించి కవర్లో పెట్టి చేతికిచ్చాడు. తీసి చూస్తే అందులో ఎవరో ఉన్నారు. నా కళ్ళజోడు, నా నెరిసిన జుట్టు, నా చీర అంచు, అన్నీ ఉన్నాయి. ముఖం మాత్రం నాది కాదు. జన్మలో ఎండ తగలని మనిషిలాగా తెల్లగా, ముడత లేకుండా ఉంది.

"ఎవురు నాయనా ఈమె?" అన్నాను.

"మీరే అవ్వా. కంప్యూటర్లో కొంచెం తెలుపు చేసినా. అందరికీ చేస్తాం" అన్నాడు, మేలు చేసినవాడి నవ్వుతో.

కోపం వచ్చింది. నాకు కోపం త్వరగానే వస్తుంది, నా దగ్గర చదువుకున్నవాళ్ళెవరిని అడిగినా చెబుతారు. కానీ కోపం కంటే ముందు వీపు మీద ఏదో చల్లగా పాకింది. ఎందుకంటే ఇట్లాంటి ఫోటో గురించే, ఇదే ఊళ్ళో, నా చిన్నప్పుడు ఫోటోలు తీసే ఒకామె నోట ఒక మాట విన్నాను. "మా పెళ్ళి ఫోటోలో మా ఆయన పక్కన ఎవురో తెల్లామె కూచోనుంది. ఆమె ఎవురో నాకు ఇంతవరకు తెలవదు" అనేది ఆమె. ఆమె పోయి ఒక మనిషి ఆయుష్షంత కాలం దాటింది. కవరు పట్టుకుని ఆ షాపులో నిలబడి ఉంటే, ఆ గొంతు పక్కనే ఎక్కడో ఆమె ఫోటోపెట్టె నల్లగుడ్డ కింద నుంచి వస్తున్నట్టు అనిపించింది. కుర్రవాడి చేత మళ్ళీ తీయించాను. అట్లయితే నల్లగా వస్తారు అవ్వా అన్నాడు. వస్తే రానీ అన్నాను.

ఆమె పేరు రాయడం లేదు. పెద్ద కారణమేమీ లేదు, మా పాలెంలో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్ళే లేరు. ఫోటోలామె అనేవాళ్ళు. మా అవ్వ మాత్రం గాజుకంటిది అనేది, అని నేల మీద ఉమ్మేది.

అప్పుడు మాది కర్నూలు జిల్లా, మద్రాసు రాజధాని. మా ఊరు తర్లుపాడుకు దగ్గర. ఊరికి బయట మా పాలెం, పాలెంలో మా ప్రార్థన ఇల్లు. వానలుంటే మా ఆడవాళ్ళు ఊరి చేలల్లో కలుపు తీసేవాళ్ళు, వానలు లేకపోతే మార్కాపురం వెళ్ళి బడిపిల్లల రాతిపలకలు కోసే షెడ్లలో పనిచేసేవాళ్ళు. ఆ షెడ్లకు పోయే దారిలోనే ఆమె దుకాణం. సున్నం కొట్టిన రాతి గోడలు, రాతి నేల, కప్పులో ఒక పక్క మాత్రం గాజు. ఆ గాజులోంచి దిగే వెలుతురు కింద ఒక కుర్చీ. ఎదురుగా మూడు కాళ్ళ మీద ఫోటోపెట్టె, దాని ముందు గాజుకన్ను, పెట్టె మీద నల్లగుడ్డ. లోపలి గదిలోంచి ముక్కు మండే మందు వాసన వచ్చేది. ఆ మందుకు ఆమె వేళ్ళ కొనలు, గోళ్ళు నల్లబడిపోయి ఉండేవి. అసలే నల్లని మనిషి. మా పాలెంలో నలుపుకు కొదవలేదు, అయినా ఆమె పక్కన నిలబడితే మేమంతా చామనఛాయ. ఆమె ఆ గుడ్డ కిందికి దూరిందంటే గుడ్డ ఎక్కడ అయిపోయిందో ఆమె ఎక్కడ మొదలయిందో తెలిసేది కాదు. గొంతు మాత్రం వచ్చేది. చిన్నపిల్లలు ఆ గొంతుకు జడిసి ఏడ్చేవాళ్ళు, ఏడ్చి, మళ్ళీ దానికోసమే తొంగిచూసేవాళ్ళు.

ఆమెది కొమరోలు పక్క అని కొందరు, కాదు కురిచేడు అని కొందరు. ఆమె అవునని గానీ కాదని గానీ అనేది కాదు. భర్త ఒక తెల్లదొర వెంట నల్లమలలో తిరిగినవాడు. చెంచు ఆడవాళ్ళ పక్కన, పిల్లల పక్కన కొలతబద్ద నిలబెట్టి, పశువులను కొలిచినట్టు కొలిచి ఫోటోలు తీసేవాడట ఆ దొర. ఈయన బద్ద పట్టుకునేవాడు. తర్వాత సొంత దుకాణం పెట్టి, కొన్నేళ్ళకు జ్వరంతో పోయాడు. పెట్టె ఈమెకు మిగిలింది.

ఆ రోజుల్లో ఫోటో అంటే ముందు పౌడరు. అది చాలకపోతే, ఫోటో పడిన గాజుపలక మీద సన్నని పెన్సిలుతో దిద్ది ముఖాన్ని తెల్లబరిచేవాళ్ళు. ఆ పనిలో ఆమె భర్తకు మంచి పేరు. ఆ చేత్తోనే పెళ్ళి ఫోటోలో పెళ్ళాన్ని కూడా దిద్దాడు. ఆ ఫోటో లోపలి గది తలుపు మీద ఉండేది. అందులో ఆయన ఆయనలాగే ఉన్నాడు, పక్కన ఎవరో తెల్లటి పెళ్ళికూతురు. ఈమె ఆ బొమ్మను సవతి అనేది. "మెల్లగా మాట్లాడండి, సవతి వింటాంది" అనేది మా ఆడవాళ్ళతో. అనేటప్పుడు నవ్వేది కాదు. వాళ్ళు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేసేవాళ్ళు.

ఆమె దుకాణంలో పౌడరు డబ్బా లేదు. చెంబుతో నీళ్ళు, మూకుట్లో ఆముదం, అంతే. సాయంత్రం షెడ్ల నుంచి మా వాళ్ళు వస్తుంటే ఆమె గడపలో నిలబడి చూసేది. పలకల దుమ్ముతో వాళ్ళ ముఖాలు, రెప్పల వెంట్రుకలు, చెవుల మడతలు, అన్నీ బూడిదరంగుగా ఉండేవి. చీకటిపడే వేళ ఆ గుంపు నడిచి వస్తుంటే కొత్తవాళ్ళు దారి తప్పుకునేవాళ్ళు, శ్మశానం లేచి వస్తోందని. ఆమె మాత్రం ఎవరో ఒకరిని చెయ్యిపట్టి ఆపేది.

"ఊరు మనకు ఊరికే పౌడరు పూసి పంపిస్తాది అక్కా. రేపు పొద్దున రా, కడుగుతా."

తనే కడిగేది. కడిగి, ఆముదం రాసి, పాతగుడ్డతో అద్ది, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పేది. తెల్లటి ముఖం ఎట్లా తీసినా వస్తుందని, నల్లటి ముఖానికి ఓపిక పట్టాలని చెప్పేది. ఆ ఓపిక ఎంతంటే, ఆమె గుడ్డ కింద తీసే కూనిరాగం ఆగేదాకా. రాగం నడుస్తున్నంతసేపు కదలకూడదు, రెప్ప వేయకూడదు. మా వాళ్ళ దగ్గర ఆమె ఏమీ తీసుకునేది కాదు. నాకు గోడ నిండాల, మీ ముఖాలు ఇవ్వండి అనేది. ఆ మాట విన్న రోజునుంచే మా అవ్వకు అనుమానం పట్టుకుంది. ముఖాలు ఇచ్చేసినాక మన దగ్గర ఏముంటాది అనేది.

ఇంకొక సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా ఊళ్ళో పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మా పాలెం వాళ్ళు కలుపు తీసే చేలన్నీ ఆయనవే. ఆయన దారిలో ఎదురైతే మా ఆడవాళ్ళు పక్కకు జరిగి, కొంగు నెత్తిన వేసుకుని, నేల చూస్తూ నిలబడాలి. ఆయన వెళ్ళిపోయి దుమ్ము అణిగాక తల ఎత్తాలి. ఎవరో రాసిపెట్టిన చట్టం కాదు గానీ, తల ఎత్తినవాళ్ళకు మరునాడు పని ఉండేది కాదు. అట్లాంటివాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి తల ఎత్తమంటే మెడ లేవదు. లేచినా చూపు లేవదు. అప్పుడు గుడ్డ కింద నుంచి ఆమె అడిగేది.

"ఆ గాజుకంట్లో ఎవురుండారు?"

"ఎవురూ లేరక్కా."

"ఉండాడు. నువ్వు ఎవురి ముందర కండ్లు దించుతావో ఆయనే ఉండాడు. కదల్లేడు, నేను పట్టుకోనుండా. ఇప్పుడు చూడు."

వాళ్ళు చూసేవాళ్ళు. అందుకే దుకాణం గోడకు ఆమె తగిలించిన బొమ్మలన్నిటి చూపూ ఒకటే. నవ్వు కాదు, ఏడుపు కాదు, కోపమని కూడా అనలేను. ఎన్నాళ్ళుగానో చూడకుండా దాచుకున్న చూపు. బిడ్డను చంకనేసుకున్న తల్లులు, జుట్టు బిగించి జడ వేసిన ఆడపిల్లలు, అక్కచెల్లెళ్ళు, అందరూ ఆముదపు నిగనిగతో, ఒక్క మచ్చ దిద్దకుండా నల్లగా, ఎదురుగా నిలబడిన మనిషి లోపలికి చూస్తుండేవాళ్ళు. గోడకు ఈ మూల నుంచి ఆ మూలకు నడిస్తే చూపులు వెంట వచ్చేవి.

ఒక దొర వచ్చాడట ఒకసారి. వాళ్ళ దేశంలో చూపించడానికి మా పిల్లల ఫోటోలు కావాలన్నాడు, కానీ ఒంటి నిండా మట్టితో, చిరిగిన గుడ్డలతో ఉండాలన్నాడు. ఆమె సరేనని, పిల్లలకు తలంట్లు పోసి, నూనె రాసి, వరసగా నిలబెట్టి తీసింది. దొర చూసి, ఇవి చూస్తే మావాళ్ళకు జాలి పుట్టదు అన్నాడట. పుట్టకపోతే మానె, నేను తీసింది జాలిని కాదు అందట ఆమె. ఇది మా పాలెంలో చెప్పుకునే మాట. నిజంగా దొర ముఖాన అందో, ఆయన వెళ్ళాక అందో నాకు తెలియదు.

చనిపోయిన పిల్లలను తీయడానికీ ఆమెనే పిలిచేవాళ్ళు. బతికుండగా ఫోటో తీయించే తాహతు ఎవరికి ఉండేది? అమ్మవారు పోసో, గత్తర తగిలో బిడ్డ పోతే అప్పుడు గుర్తుకొచ్చేది ముఖం మిగలదని. ఆమె పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది. ఆ బిడ్డకు కూడా ముఖం కడిగి, ఆముదం రాసి, వెలుతురుకు తిప్పి, గుడ్డ కిందికి దూరి, "ఇట్ల చూడు నాయనా, ఇట్ల" అని పిలిచేది. కూనిరాగం తీసేది. కదలొద్దని బిడ్డకు చెప్పేది. ఆ ఫోటోలు కూడా గోడ మీదే ఉండేవి, మిగతా పిల్లల మధ్యలో. ఏ పిల్ల ఉందో ఏ పిల్ల పోయిందో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. నేను అడిగితే, నాకు మాత్రం ఏం తెలుసు, అందరూ చూస్తాండారు గదా అంది.

సాయంత్రం దుకాణం మూసేటప్పుడు ఆమె గడపలో నిలబడి గోడ వైపు తిరిగి ఒకే మాట చెప్పేది. "పోయొస్తా. చూస్తుండండి." అప్పుడు తలుపు వేసేది.

ఆ గోడ మీద మా అమ్మ ఉండేది.

మా అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. నేను నడక నేర్చిన ఏడు ఆమె షెడ్డుకు పోతూ పోతూ నన్ను చంకనేసుకుని వెళ్ళి ఫోటో తీయించుకుంది. ఆ వానాకాలమే గత్తర తగిలి చనిపోయింది. మా అవ్వ లెక్క తేలిక, గాజుకన్ను మింగింది. నాయన రైలుదారి పనికి పోయి అటే ఉండిపోయాడు. అవ్వ కట్టెల మోపు ఎత్తుకుని సంతకు పోతూ నన్ను వెంటబెట్టుకునేది. ఆ దుకాణం వైపు చూశావంటే కళ్ళు పీకుతానని ముందే చెప్పేది. మోపు అమ్ముడుపోయేలోపు నేను అక్కడే ఉండేదాన్ని.

మా అమ్మ బొమ్మకు ఒక వింత ఉంది. మిగతా అందరూ ఎదురుగా చూస్తే, ఆమె ఒక్కతే కొంచెం ఎడమకు, కొంచెం కిందికి చూసేది. గోడకు ఎదురుగా నిలబడితే ఆమె చూపు అందదు. ఎడమ పక్కకు జరిగి, అప్పటి నా అంత ఎత్తు మనిషి నిలబడితే సరిగ్గా కళ్ళలో పడుతుంది. నాకు ఎవరూ చెప్పలేదు, మొదటిరోజే కాళ్ళు అక్కడికి తీసుకుపోయాయి. సంతరోజు ఆ చోట నిలబడి అమ్మను చూసుకోవడం తప్ప నాకు లోకంలో ఇంకేమీ అక్కరలేదు. ఫోటోలామె నన్ను లోపలికి రమ్మని గానీ, బయటికి పొమ్మని గానీ అనేది కాదు. వచ్చినావా అనేది. నాతో అన్నదో, అమ్మతో అన్నదో తెలిసేది కాదు.

ఒక సంతరోజు నేను అట్లా నిలబడి ఉండగా పెద్దాయన వచ్చాడు. మనవడికి ఫోటో తీయించాలని. ఆయన్ను చూడగానే నా మెడ దానంతట అదే వంగింది. రాతి నేల, ఆయన చెప్పులు కనబడుతున్నాయి. ఆ చెప్పులు రెండడుగులు వేసి ఆగిపోయాయి. చాలాసేపు కదల్లేదు. ఎందుకో అని కనురెప్ప ఎత్తి చూశాను. ఆయన గోడను చూస్తున్నాడు. ఉత్తరీయం గట్టిగా మెడకు చుట్టుకున్నాడు, చలి వేసినట్టు.

"ఏంది ఈళ్ళు ఇట్ల చూస్తాండారు?" అన్నాడు.

"చూడమన్నా అయ్యా" అంది ఆమె.

"ఎవురు ఈళ్ళు?"

"మీ చేలో కలుపు తీసేటోళ్ళే."

ఆయన మళ్ళీ చూశాడు. ఒక్కొక్క ముఖం దగ్గరికి పోయి చూశాడు. ఎన్నో ఏళ్ళుగా ఆయన గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి కాపలా కాసింది వీళ్ళనే. కానీ ఆయనకు తెలిసింది వంగిన నడుములు, కొంగులు. "మా చేలో ఇట్లాంటి మొగాలు లేవు" అన్నాడు. అబద్ధం ఆడలేదు ఆయన, నిజంగానే చూడలేదు. దించెయ్ వీటిని అన్నాడు. మీరే దించండి అయ్యా, నాకు చెయ్యి రాదు అందామె. ఆయన చెయ్యెత్తాడు. అందింది ఒక చంటిబిడ్డ తల్లి బొమ్మ. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగి, మెల్లగా దిగింది. మనవణ్ణి రెక్క పట్టుకుని ఫోటో లేకుండానే వెళ్ళిపోయాడు.

మరుసటి సంతకు పోతే గోడ ఖాళీ. మేకుల గుంతలు, బొమ్మలున్న చోట తెల్లటి చదరాలు. వీధి మధ్యలో మసి. ఎవరు వచ్చారో, ఎవరు పంపారో ఊరంతటికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. నేను అలవాటు కొద్దీ ఎడమ పక్కకు పోయి నిలబడ్డాను. ఉత్త సున్నం గోడ. నాకు ఏడుపు రాలేదు, కడుపులో నుంచి వాంతి వచ్చింది. అమ్మ చచ్చిపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు.

ఫోటోలామె వచ్చి నోరు కడిగింది. మొదటిసారి లోపలి గదిలోకి తీసుకుపోయింది. చెక్కపెట్టెలో గాడులు, గాడుల్లో వరసగా గాజుపలకలు. "కాగితాలు కాల్చినారు. గాజు కాలదు" అంది. ఒక పలక తీసి తెల్లటి గుడ్డ మీద పెట్టింది.

నేను కెవ్వుమన్నాను. తెల్లటి ముఖం, తెల్లటి జుట్టు, నల్లటి గుడ్ల మధ్య తెల్లటి చుక్కలు. అవ్వ చెప్పే దయ్యం సరిగ్గా అట్లాగే ఉంటుంది. ఆమె నా భుజం పట్టుకుని పారిపోకుండా ఆపింది. పెట్టె మీది నల్లగుడ్డ లాగి బల్ల మీద పరిచి, అదే పలకను దాని మీద పెట్టి, కిటికీ వైపు కొంచెం వంచింది. తెలుపు తిరగబడింది. నల్లటి ముఖం, నుదుటి మీద ఆముదపు మెరుపు, ముక్కు పక్కన పుట్టుమచ్చ. అమ్మ.

"తెల్లగుడ్డ మీద పెడితే దయ్యం. నల్లగుడ్డ మీద పెడితే మనిషి. అంతే తేడా అమ్మీ" అంది ఆమె.

అన్ని పలకలూ ఇట్లా తిరగబడవని, పలచగా పడినవే తిరుగుతాయని, మా అమ్మది ఆ రోజు మబ్బు పట్టి పలచగా వచ్చిందని చెప్పింది. ఇంకొకటి కూడా చెప్పింది. అందరూ ఆమె చూడమన్నవైపు చూశారట, మా అమ్మ ఒక్కతే మాట వినలేదు. గాజుకంట్లో పెద్దాయన ఉన్నాడు, చూడు అంటే, ఆయన్ను చూడటానికి నేను కూచోలే అందట. రాగం మొదలవగానే చూపు పక్కకు తిప్పేసింది.

"నువ్వు నా ఎడమకాలి పక్కన నేల మీద కూచోని సున్నం గీకి తింటాండావు. నిన్ను చూస్తాంది. ఆ పలక చెడిపోయిందనుకున్యా. మందులో కడిగి చూసినాక, గోడకు నడిమధ్యలో పెట్టినా."

మద్రాసు నుంచి కాగితం రాగానే అచ్చు తీసి నీకే ఇస్తానంది. అప్పటికే యుద్ధం మొదలై, కాగితం రావడం గగనమైంది. ప్రార్థన ఇంటివాళ్ళు నన్ను బోర్డింగు బడిలో వేశారు. ఒకసారి సెలవులకు వచ్చి పరిగెత్తుకుంటూ పోతే, దుకాణం తలుపుకు సోడాల కొట్టు బోర్డు ఉంది. ఫోటోలామె పోయిందన్నారు. ఎట్లా పోయిందో మా పాలెం ఆడవాళ్ళు చెప్పారు. తలుపు తీయకపోతే తోసి చూస్తే, తీయించుకునేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుని ఉందట, పెట్టెకు ఎదురుగా, తల ఎత్తి, కళ్ళు తెరిచి. ముఖానికి ఆముదం రాసి ఉందట. పెట్టెలో పలక ఉందా అని అడిగాను. అది చూడాలని ఎవరికీ తోచలేదు. మరిది వచ్చి పెట్టెను ఎవరికో అమ్ముకుని, గాజుపలకలన్నీ తలుపులు, కిటికీలు చేసే వడ్ల పనివాడికి ఇచ్చేశాడు. యుద్ధంలో కిటికీలకు గాజు దొరకడం లేదు కదా. అమ్మ రెండోసారి పోయింది. మూడోసారి అనాలేమో.

నేను చదువు ముగించి మా పాలెం బడికే టీచరుగా వచ్చాను. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారని బడి మీద జెండా ఎగరేసిన కొత్తరోజులు. ఒక ఉదయం పెద్దాయన కోడలు పాలేరు చేత కబురు పంపింది, టీచరమ్మ ఒకసారి ఇంటికి రావాలని. ఆ ఇంటి గడప మా వాళ్ళెవరూ ఎప్పుడూ దాటలేదు. ఎందుకని అడిగితే పాలేరు చెప్పాడు. పెద్దాయన మంచం పట్టాడట. మేడగదిలో పడుకోబెడితే, పాలెం ఆడోళ్ళు కిటికీలో నిలబడి నన్నే చూస్తున్నారు, పొమ్మనండి అని అరుస్తున్నాడట. తాయెత్తులు కట్టారు, సాంబ్రాణి వేశారు. పాలెం వాళ్ళంటున్నాడు కాబట్టి పాలెం టీచరమ్మను అడిగితే ఏమైనా తెలుస్తుందని కోడలి ఆలోచన.

కోడలు నా ఈడుదే. గడపలో ఆగిపోయిన నన్ను చెయ్యిపట్టి మేడకు తీసుకుపోయింది, కుర్చీ వేసింది. మంచం మీద పెద్దాయన గోడవైపు తిరిగి, దుప్పటి తల మీదికి లాక్కుని ఉన్నాడు. కిటికీ రెక్కలు లోపలికి తెరిచి ఉన్నాయి. ఆ రెక్కలకు చిన్నచిన్న గాజులు. పొగ పట్టినట్టున్నాయి. వడ్ల పనివాడు ఎండ ఆపుతాయని చెప్పి బిగించాడట, యుద్ధం నాడు ఈ గది కట్టినప్పుడు. నేను దగ్గరికి పోయాను. తెల్లటి ముఖాలు, తెల్లటి జుట్లు, నల్లటి గుడ్ల మధ్య తెల్లటి చుక్కలు. ఎండకు, వానకు అరిగి పలచబడి, వెనక నీడ పడ్డ చోటల్లా ఒక కన్నో ఒక చెంపో నల్లగా మెదులుతోంది. మా పాలెం అంతా ఆ ఇంట్లో ఉంది. ఆయన కాల్చినవాళ్ళంతా ఆయన మంచం చుట్టూ ఉన్నారు.

మూలగాజులో ఆమె చూపు ఎడమకు, కిందికి ఉంది.

నా చేతిలో నల్ల గొడుగు. తెరిచి కోడలికి ఇచ్చి, ఆ రెక్కకు వెనకగా పట్టుకోమన్నాను. పట్టుకుంది. తెలుపు తిరగబడింది. నల్లటి ముఖం, ముక్కు పక్కన పుట్టుమచ్చ. కోడలు గొడుగు వెనక నుంచి తొంగిచూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఎడమకు జరిగాను. అందలేదు. పెరిగిపోయాను కదా. వేసిన కుర్చీ వదిలేసి నేల మీద కూర్చున్నాను. ఆ ఇంట్లో మా వాళ్ళు నేల మీదే కూర్చోవాలని ఆ ఇంటివాళ్ళకు పుట్టుకనుంచి తెలుసు, నేను కూర్చుంది దానికి కాదు. అమ్మ నన్ను చూసింది.

ఎంతసేపయిందో, వెనక నుంచి పెద్దాయన గొంతు. దుప్పటి తీసి చూస్తున్నాడు.

"ఎవురది?"

"మా అమ్మ. మీ చేలో కలుపు తీసింది."

ఆయన మెడ సాచి, ఒకవైపు వంచి, ఇంకోవైపు వంచి, ఎట్లా చూసినా అందక, పసిపిల్లవాడిలాగా అన్నాడు. "నన్ను చూడటం లేదే."

"మిమ్మల్ని చూడటానికి ఆమె కూచోలేదు" అన్నాను.

కోడలు అప్పటికప్పుడే పాలేరు చేత మేకులు తీయించి ఆ గాజు నా చేతిలో పెట్టింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, నల్లగుడ్డ మీద. మిగతావి కూడా తీసుకుపో టీచరమ్మా, నీకు పుణ్యముంటాది అని బతిమాలింది. వాటిని ఒక్కొక్కటే చూశాను. చంటిబిడ్డ తల్లి, జడల పిల్లలు, అక్కచెల్లెళ్ళు. చివరి గాజు అడుగు నుంచి పై దాకా పూర్తిగా నల్లబడి ఉంది, వెనక గొడుగు పట్టినా, వెలుతురు పట్టినా అందులో ఏమీ లేదు. ఫోటోలామె కుర్చీలో కూర్చుని తల ఎత్తిన రోజు ఆ పెట్టెలో ఉన్న పలక, మందులో కడగకుండానే వెలుతురు తగిలి నల్లబడిన పలక, అదేనని నా నమ్మకం. అడగడానికి ఎవరూ లేరు.

ఇవి నావి కావమ్మా, వీళ్ళు ఆయన్ను చూడటానికే కూర్చున్నారు అన్నాను.

గాజును కొంగులో చుట్టుకుని గడప దాకా వచ్చి, వెనక్కి తిరిగాను. ఏం చెప్పాలో ఆలోచించనే లేదు, ఆ మాట దానంతట అదే వచ్చింది.

"పోయొస్తా. చూస్తుండండి."

మంచం మీద పెద్దాయన కళ్ళు దించుకున్నాడు.